జానెడు కిందికి

బడి, ఆటసామాన్ల గది
సెలవులయ్యాక రెండో వారం

వదినా,

ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నవ్వుకో. ఫోను చేస్తే నీ చేతిలోంచి అన్నయ్య లాక్కుని "ఏమంటోంది మా డ్రిల్లు టీచరు" అని మొదలుపెడతాడు. ఇక ఆ పూట నీకూ నాకూ మాటల్లేవు. నీతో తీరిగ్గా నాలుగు ముక్కలు చెప్పుకోవాలంటే కాగితమే దిక్కు. అందుకే ఇంటికి కాకుండా మీ షాపు చిరునామాకి పంపుతున్నాను.

ముందు మంచి మాట. ఈ ఏడు మళ్ళీ వాలీబాల్ జట్టు కట్టాను. తొమ్మిది మంది వచ్చారు. ఆటకి ఆరుగురు చాలు, ఇంకో ముగ్గురు మిగిలారంటే నాకెంత గర్వమో నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది. మన రోజుల్లో కోర్టు చుట్టూ ఆడపిల్లలు వంతు కోసం నిలబడేవాళ్ళు, గుర్తుందా. మిల్లు అమ్మాయిల జట్టు, కాలేజీ జట్టు, మన వీధి జట్టు. మగవాళ్ళకి నాలుగుంటే మనకి మూడు. వచ్చే ఏటికి సమానమైపోతాం అని నువ్వే అనేదానివి. ఆ వచ్చే ఏడు ఏమైపోయిందో కానీ, ఇప్పుడు మగవాళ్ళకి ఆరు జట్లు, నలభై దాటినవాళ్ళకి వేరే ఒకటి, ఆడవాళ్ళ తరఫున నా పిల్లలు తొమ్మిది మంది. పేపరు తెరిస్తే మాత్రం ఆడవాళ్ళ ఆటలు ఎక్కడికో వెళ్ళిపోయాయని రాస్తున్నారు. నిజమే, మా వీధిలోంచి వెళ్ళిపోయాయి.

ఒక పిల్ల ఉంది, పదో తరగతి. అందరూ నిచ్చెన అంటారు. తండ్రి సిటీ బస్సు డ్రైవరు, తల్లి ఆస్పత్రిలో ఆయా. ఎవరికీ కనపడకూడదన్నట్టు భుజాలు ముందుకి వంచుకుని నడుస్తుంది. బంతి పైకి లేచిందంటే మాత్రం ఒళ్ళంతా నిటారుగా అయిపోతుంది. నీలాంటి లిఫ్టరు బంతి అందిస్తే ఈ పిల్ల కొట్టే షాటుకి ఎదుటివాళ్ళు కళ్ళు మూసుకోవాలి.

అసలు సంగతికి వస్తాను. బడి ఆవరణలో కొత్త గదులు లేచాక మాకు కోర్టు లేదు. వీధి చివర క్లబ్బు కోర్టులో సాయంత్రం ఒక గంట ఇస్తున్నారు. ఇప్పుడు ఆ గంట మీద అందరి కళ్ళూ పడ్డాయి. క్లబ్బు సెక్రటరీ, అదే మన విజిల్ గారు, ఆట ఉన్నా లేకపోయినా మెడలోంచి విజిలు తీయని మనిషి, నన్ను పిలిచి చెప్పారు. "చూడమ్మా, ఏటా పోటీలకి వెళ్తారు, మొదటి మ్యాచ్‌కే తిరిగొస్తారు. చలికాలం బడుల పోటీల్లో ఈసారి ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవండి, ఆ గంట మీదే. లేదంటే మగపిల్లలకి కోచింగ్ పెట్టుకుంటాం. తల్లిదండ్రులు చెవిలో జోరీగల్లా అడుగుతున్నారు."

ఒక్క మ్యాచ్ గెలవగలం, నెట్ జానెడు కిందికి దిగితే. ఆ స్తంభాల కథ నీకు తెలుసు. మీ పెళ్ళైన ఏడు మగవాళ్ళ మ్యాచ్ మధ్యలో పిన్ను ఊడి నెట్ జారిందని అన్నయ్య వెల్డింగు మిషను తెచ్చి, మగవాళ్ళ ఎత్తులో కొక్కేలు కదలకుండా అతికించేశాడు. ఆ ఏడు ఆడవాళ్ళ జట్టే లేదు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ కోర్టుకి మారినప్పట్నుంచీ నా పిల్లలు మగవాళ్ళ నెట్ మీదే నేర్చుకుంటున్నారు. పోటీలకి వెళ్తే అక్కడ ఆడపిల్లల నెట్ జానెడు కింద ఉంటుంది. ఇక్కడి వెల్డరుతో కోయిస్తానంటే విజిల్ గారు పడనివ్వరు. "అతికించిన మనిషే వచ్చి చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఇంకోడి చెయ్యి పడి స్తంభం వంకర పోతే ఎవరు పూచీ" అంటారు.

అన్నయ్యకి ఒక పూట పని. కొక్కేలు కోసి, కిందొకటి పైనొకటి పెడితే సరిపోతుంది. మగవాళ్ళకి నష్టం లేదు, మాకు బతుకు. నేనడిగితే "చూద్దాంలేవే" అంటాడు. నువ్వు అడుగు.

నీ ఆడపడుచు


కుట్టు షాపు, భోజనాల వేళ
వానలు పట్టుకున్న రోజు

ఆడపడుచు గారికి,

షాపుకి ఉత్తరం వచ్చేసరికి మా మేస్త్రీ నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. మా ఆడపడుచు రాసిందంటే నమ్మడే. "ఆడపడుచులు ఉత్తరాలు రాస్తారా, ఆర్డర్లు వేస్తారు గానీ" అన్నాడు. చదివాక ఆ మనిషి అన్నదే నిజమనిపించింది. ఆర్డరే వేశావు.

నిన్న పొద్దున కాఫీ ఇస్తూ మీ అన్నయ్యకి చెప్పాను. మొత్తం చెప్పాను, విజిల్ గారి షరతుతో సహా. వస్తానన్నారు. షెడ్డులో గేట్ల పని ఒకటి పూర్తవగానే ఒక ఆదివారం చూసుకుని వస్తారు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ జట్టుకి చొక్కాలు నేను కుడతాను. ముక్కలు మిగిలాయి, ఓనరమ్మ వాడుకోమంది. ముదురు ఎరుపు, నల్ల కాలరు. పిల్లల కొలతలు పంపు. ఇక్కడ మేం కుట్టేవి సగం ఆటల చొక్కాలే కదా, చూస్తూ చూస్తూ ఒక సంగతి కనిపెట్టాను. మగపిల్లల కొలత అట్టలు రోజూ వాడీ వాడీ అంచులు పీచు లేచిపోయాయి. ఆడపిల్లల అట్టలేవని అడిగితే మేస్త్రీ అటక ఎక్కి దించాడు. అవి ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి, అంచు తగిలితే చెయ్యి కోసుకుపోయేలా ఉంది. నేను ఈ షాపులో చేరిన కొత్తలో వాటిని రోజూ వాడేవాళ్ళం. ఎప్పుడు పైకెక్కాయో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆయన వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకు. కొక్కెం ఎక్కడుంటే ఏం, నెట్ చివర్లకి తాడు కట్టి, జానెడు కింద స్తంభానికి బిగించు. మధ్యలో ఉయ్యాల్లా కొంచెం వేలాడుతుంది. వేలాడనీ. అలవాటు కావలసింది ఎత్తు.

నిచ్చెన అనే ఆ పిల్లకి చెప్పు, భుజాలు వంచుకుంటే చొక్కా వెనకవైపు ఎగదన్నుకుంటుంది, నా కుట్టు పాడవుతుందని.

ఉంటాను,
వదిన


బడి, ఆటసామాన్ల గది
మూడు నెలల పరీక్షల ముందు

వదినా,

నీ తాడు ముచ్చట పది రోజులు కూడా నిలవలేదు.

మా గంట కాగానే నలభై దాటినవాళ్ళు వస్తారు కదా. నేను తాడు విప్పి నెట్ మళ్ళీ పైన తగిలించి, తీగ బిగించి అప్పగించేసరికి వాళ్ళ సమయం కొంత తినేసేది. మొదట్లో నవ్వారు. తర్వాత గొణిగారు. ఒకాయన మెడికల్ షాపు ఓనరు, మన కాలంలో మన మ్యాచ్‌లకి వచ్చి చప్పట్లు కొట్టినవాడే. "ఏమ్మా, నడుములు పట్టేసిన మనుషులం, నీ ముళ్ళు విప్పేదాకా నిలబడాలా" అన్నాడు. నేను సర్దిచెప్పాను. మర్నాటికి తీగ సరిగా బిగియలేదని, నెట్ వదులుగా ఉందని ఫిర్యాదు. ఆ మర్నాడు మేం వెళ్ళేసరికి వాచ్‌మన్ కత్తితో నా తాళ్ళు కోసి గోడవార పడేసి ఉంచాడు. పాపం అతనేం చేస్తాడు, చెప్పినట్టు చేశాడు. విజిల్ గారు ఇంక తీగ ముట్టుకోవద్దన్నారు. పోనీ పొద్దున రమ్మంటారా అంటే పొద్దున కాలేజీ కుర్రాళ్ళట. మధ్యాహ్నమా అంటే ఎండలో ఆడపిల్లలకి ఏమైనా అయితే క్లబ్బు మాట పడాలట.

మొన్న ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికీ వెళ్ళాను. ఒక లేఖ రాసి క్లబ్బుకి పంపండి మేడమ్ అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "మనకి గంట ఇస్తున్నారు, అదే గొప్ప. ఎత్తు గురించి కూడా పేచీ పెడితే అసలుకే ఎసరు" అంది. ఆవిడా తన రోజుల్లో పరుగుపందెంలో కప్పు తెచ్చుకుందని నాకు తెలుసు. ఆవిడకి ఆ సంగతి గుర్తున్నట్టు లేదు.

ఇప్పుడు ఏడుగురే ఆడుతున్నారు. మిగతా ఇద్దరికి ట్యూషన్లు పెట్టారు.

అన్నయ్య ఎప్పుడొస్తున్నాడు? గేట్ల పని అయిపోయి ఉంటుంది కదా ఈపాటికి.

నీ ఆడపడుచు


కుట్టు షాపు
పని లేని మధ్యాహ్నం

ఏమే,

గేట్ల పని అయింది. ఆ ఆదివారమే వస్తారనుకున్నాను. నేను సంచి కూడా సర్దాను. శనివారం ఇక్కడి నలభై దాటినవాళ్ళ జట్టుకి పక్క ఊళ్ళో మ్యాచ్ ఉందని కబురొచ్చింది, బంతి కొట్టే నేనే లేకపోతే ఎలా అన్నారు. వెళ్ళారు. తర్వాతి ఆదివారం కుండపోత. ఆ తర్వాతది మోకాలికి కట్టు. ఈ వారం ఎవరిదో మెట్ల రెయిలింగు. ప్రతిసారీ కారణం ఉందే, అదే నాకు చిరాకు. వంక చెప్పే మనిషైతే నాలుగు దులిపి వదిలేదాన్ని.

నువ్వు అడగవు కానీ నేనే చెప్తాను. నన్నెవరూ ఆట మానమనలేదు. ఊళ్ళో అందరూ మొగుడు మానిపించాడని అనుకున్నారు, నువ్వూ అనుకున్నావేమో. అదేం కాదు. పెళ్ళైన మొదటి ఆదివారం పొద్దున్నే బూట్లు వేసుకుంటున్నాను. పక్కన ఆయనా వేసుకుంటున్నారు. "నువ్వెక్కడికి" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలీక. కోర్టుకి అన్నాను. ఒక్క నిమిషం ఆలోచించి, "ఇద్దరం వెళ్తే ఎవరైనా చుట్టాలొస్తే తలుపెవరు తీస్తారు" అన్నారు. సబబుగానే తోచింది. లేసులు విప్పేశాను. ఆ రోజంతా తలుపు దగ్గరే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆయన అడగనూ లేదు, నేను బూట్లు తీయనూ లేదు. అంతే. అందులో పోట్లాడటానికి ఏముంది చెప్పు.

ఒక మాట విను. పిల్లలకి ఎత్తు నెట్ మీద చెయ్యి స్థిరపడిపోతే మళ్ళీ దింపడం కష్టం. లిఫ్టరుగా చెప్తున్నాను. ఎక్కడైనా సరే, బడి వరండాలో రెండు స్తంభాల మధ్య చీర కట్టయినా సరే, వాళ్ళ ఎత్తు మీద ఆడించు.

చొక్కాలు పార్శిల్లో వస్తున్నాయి. తొమ్మిదీ కుట్టాను. రెండు దాచిపెట్టు, ట్యూషన్లు ఎల్లకాలం ఉండవు.

వదిన


బడి, ఆటసామాన్ల గది
చలి మొదలవుతుండగా

వదినా,

చొక్కాలు చూసి పిల్లలు తరగతిలోనే వేసేసుకున్నారు. లెక్కల మాస్టారు ఇది బడా సర్కసా అన్నాడు. నిచ్చెన తన చొక్కా ఇంటికి తీసుకెళ్ళలేదు, ఆటసామాన్ల గదిలోనే మేకుకి తగిలించుకుంది. రోజూ సాయంత్రం వచ్చి వేసుకుంటుంది.

నీ చీర సలహాకి మా వరండా చాలదు, పైన ఫ్యాన్లున్నాయి. పైగా నాకు ఇప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఏడుపుగొట్టు ముఖం వేసుకుని తిరిగాను, అది పిల్లలకీ అంటుకుంది. ఎందుకు ఏడవాలి? మగవాళ్ళ ఎత్తు మీద ఆడటం నేర్చుకున్న పిల్లకి జానెడు కింద ఉన్న నెట్ ఒక లెక్కా? బరువు మోసి మోసి దించినవాడికి ఒళ్ళు తేలికైనట్టు ఉంటుంది. పిల్లలకి ఇదే చెప్పాను. "మిగతా బళ్ళవాళ్ళు ఆడపిల్లల నెట్ మీద ఆడతారు, మీరు మగవాళ్ళ నెట్ మీద ఆడుతున్నారు, ఎవరు గట్టివాళ్ళు" అన్నాను. ఏడుగురి వీపులూ నిటారుగా లేచాయి. ఆ రోజు నుంచి ఎవరూ ఆలస్యంగా రాలేదు.

నిజం చెప్తున్నాను, నాకూ నమ్మకం కుదిరింది. నిన్న నిచ్చెన ఆ ఎత్తు మీంచి షాట్ కొట్టింది. పదిసార్లు ఎగిరితే ఒకసారి పడుతుంది, కానీ ఆ ఒక్కటీ చూడాలి. బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న నలభై దాటినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మెడికల్ షాపాయన "ఎవరి పిల్లమ్మా" అని అడిగాడు. బస్సు డ్రైవరు గారి అమ్మాయి అన్నాను. "మగపిల్లాడైతే ఎక్కడికో పోయేవాడు" అన్నాడు. మెచ్చుకోలుగానే పుచ్చుకున్నాను.

పోటీలు వచ్చే నెల మొదటి వారం. అన్నయ్య వస్తే సంతోషం. రాకపోయినా ఫరవాలేదని చెప్పు.

నీ ఆడపడుచు


కుట్టు షాపు
ఉత్తరం అందిన పూటే

ఏమే,

అంత ఎత్తు మీద మిగతా ఆరుగురూ ఏం చేస్తున్నారు? నిచ్చెన సరే, మిగతావాళ్ళు బంతిని అవతలికి తోస్తున్నారా, కొడుతున్నారా? కొట్టే చెయ్యి లేకపోతే, కొట్టిన బంతిని తీసే చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు. నాకు మనసు కుదుటగా లేదు.

ఇంకొకటి. మీ అన్నయ్య వస్తానన్నారని రాశాను కదా. "వస్తాను" అనలేదే. "ఊఁ" అన్నారు. టీవీలో మ్యాచ్ వస్తోంది. ఆ ఊఁ నాకు వస్తానులాగే వినపడింది, అలాగే రాశాను. తర్వాత బూట్లకి లేసులు కట్టుకుంటుంటే అడిగాను, బజారుకి పోతుంటే అడిగాను, మోకాలికి మందు రాస్తూ అడిగాను. ప్రతిసారీ ఊఁ. ఈ రోజు మళ్ళీ అడుగుతాను.

వదిన


బడి, ఆటసామాన్ల గది
పోటీల నుంచి వచ్చిన మూడో రోజు

వదినా,

ఓడిపోయాం. అట్లా ఇట్లా కాదు, చూసేవాళ్ళు ముఖం తిప్పుకునేలా ఓడిపోయాం.

ఎదుటి జట్టులో మా నిచ్చెన భుజం దాటిన పిల్ల ఒక్కతీ లేదు. పొట్టి పొట్టి పిల్లలు, వెంట్రుకలకి రిబ్బన్లు. వాళ్ళని చూసి మావాళ్ళు నవ్వుకున్నారు కూడా. సర్వీసు మాదే. మొదటి సర్వీసు కోర్టు దాటి పోయింది. రెండోదీ పోయింది. అన్నీ పైకి లేపి లేపి అలవాటైన చేతులు, దించమంటే దిగవు. నిచ్చెన ఎగిరి కొడితే బంతి వెనక గోడకి తగిలింది. ఇంకోసారి కొడితే చెయ్యి నెట్‌కి తగిలింది. మూడోసారికి ఎగరడం మానేసింది.

అది కూడా కాదు అసలు దెబ్బ. నువ్వు అడిగిన ప్రశ్నే. ఆ పొట్టి పిల్లలు ఎగిరి పైనుంచి కిందికి కొట్టారు. ఒకటి, రెండు, మూడు. మా పిల్లలు చేతులు కూడా చాపలేదు వదినా. బంతి పడ్డ చోటు వైపు, తర్వాత నా వైపు చూశారు. పైనుంచి కిందికి దూసుకొచ్చే బంతి వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మా కోర్టులో ఆ ఎత్తు మీద ఎవరు కొట్టారు, నిచ్చెన పదికొకటి తప్ప? అందరూ అటు తోస్తే ఇటు, ఇటు తోస్తే అటు. నేను గట్టిదనం అనుకుంది అదే. పక్కనే నిలబడి, రోజూ చూస్తూ, పైగా దానికి పేరు పెట్టి మురిశాను.

బస్సులో తిరిగొచ్చాం. దిగే ముందు నిచ్చెన నా సీటు దగ్గరికొచ్చి అడిగింది.

"టీచర్, వాళ్ళు మనకన్నా పొట్టి కదా, ఎట్లా కొట్టారు?"

"వాళ్ళు రోజూ ఆ నెట్ మీదే ఆడతారమ్మా."

"మరి మనకెందుకు పెట్టలేదు?"

తాళ్ళు, తీగ, కొక్కేలు, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఏదీ పిల్లకి చెప్పదగ్గ కారణంలా లేదు. నీళ్ళు తాగమని సీసా ఇచ్చాను.

విజిల్ గారు కోప్పడలేదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి మరీ చెప్పారు. "బాధపడకమ్మా, ఎవరి శక్తి వాళ్ళది. ఆడపిల్లలకి ఆసక్తి తగ్గిపోతోంది ఈ రోజుల్లో, నువ్వేం చేస్తావు." ఒకటో తారీకు నుంచి ఆ గంట మగపిల్లల కోచింగ్‌కి. ఎత్తు గురించి చెప్పబోయాను. "ఎత్తు నెట్ మీద ఆడి కింద నెట్ మీద ఓడటమేంటమ్మా, తిరకాసుగా" అన్నారు. నేను పిల్లలకి చెప్పిన మాటే అది.

నీ ఆడపడుచు


కుట్టు షాపు
పొద్దున్నే, తలుపులు తీస్తూనే

నా బంగారు ఆడపడుచూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు నిలబడే రాస్తున్నాను, మేస్త్రీ తిట్టినా సరే.

మీ అన్నయ్య రేపు బయల్దేరుతున్నారు. నిజంగానే వస్తున్నారు. నిన్న వచ్చి, "ఆ క్లబ్బు స్తంభాల కొక్కేలు కోసి కిందికి మార్చాలి, రాకపోకలతో రెండు రోజులు, డబ్బా సర్దు" అన్నారు. నా చెవుల్ని నేనే నమ్మలేదు. కటింగు బ్లేడ్లు, కళ్ళద్దాలు, పెయింటు డబ్బాతో సహా నేనే సర్దాను. ఏమీ అడగలేదు, అడిగితే ఎక్కడ ఆగిపోతారోనని. ఈ ఏడు పోతే పోయింది. నెట్ దిగిందంటే వచ్చే ఏడు ఆ గంట మళ్ళీ అడగొచ్చు, కారణం చూపించి అడగొచ్చు. పిల్లల్ని చెదిరిపోనివ్వకు. నిచ్చెనకి ముందు చెప్పు.

ఆయనకి కాస్త మంచి టీ పెట్టివ్వు, నా తరఫున.

వదిన


బడి, పై అంతస్తు వరండా
కోచింగ్ మొదలైన వారం

వదినా,

నీ ఉత్తరమూ అన్నయ్యా ఒకే రోజు వచ్చారు. ఉత్తరం చదువుకుని నేను బడిలోంచి పరుగెత్తాను. ఈ వయసులో వీధిలో పరుగెత్తితే అందరూ ముక్కున వేలేసుకున్నారు. కోర్టు దగ్గరికి వెళ్ళేసరికి అన్నయ్య అప్పటికే ఒక కొక్కెం కోసేసి రెండో స్తంభం దగ్గర ఉన్నాడు. నన్ను చూసి అద్దాలు పైకి తోసుకుని నవ్వాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నిప్పురవ్వ పడిందా అన్నాడు.

"పిల్లలు చాలా సంతోషిస్తారు అన్నయ్యా" అన్నాను.

"అవునే, విజిల్ గారు ఫోన్లో అదే చెప్పాడు. పాపం కోచింగ్‌కి పేర్లిచ్చిన చిన్న కుర్రాళ్ళు, ఆడి చూస్తే ఎగిరి ఎగిరి కిందపడుతున్నారట, చేతులందక. ఆ ఎత్తు మీద పసివాళ్ళు ఎట్లా నేర్చుకుంటారు, మొదట్లోనే విసుగొచ్చి మానేస్తారు" అన్నాడు.

విజిల్ గారు ఫోను చేసింది అంతకు రెండు మూడు రోజుల ముందే. చేసిన వెంటనే వచ్చాడు. మూడు ఎత్తుల్లో మూడు కొక్కేలు పెట్టాడు, పెద్దవాళ్ళకి, కుర్రాళ్ళకి, మరీ చిన్నవాళ్ళకి. మధ్యది కొలిచి చూశాను. సరిగ్గా మన ఎత్తే. మర్నాడు కోచింగ్ ప్రారంభమన్నారు, తల్లిదండ్రులంతా చప్పట్లు కొట్టారు, అన్నయ్యని ముందుకి పిలిచారు. నేను టీ పెట్టిచ్చాను, నీ తరఫున. చాలా బావుందన్నాడు.

నా డ్రిల్లు పీరియడ్లు ఇప్పుడు పై వరండాలో. చేతులు పైకి, చేతులు కిందికి. ఎగరొద్దన్నారు, కింద తరగతులకి చప్పుడవుతుందట. జట్టులో ముగ్గురు చొక్కాలు తిరిగిచ్చేశారు.

నిచ్చెన తమ్ముడు కోచింగ్‌లో చేరాడు. వాణ్ణి దింపి, గంట అయ్యాక తీసుకెళ్ళే పని వాళ్ళమ్మ ఈ పిల్లకి అప్పగించింది. నిన్న అటుగా పోతూ చూశాను. కంచె బయట నిలబడి ఉంది, భుజాలు వంచుకుని. లోపలినుంచి బంతి కంచె దాటి ఆ పిల్ల కాళ్ళ దగ్గర పడింది. వంగి తీసింది. నేను చూస్తున్నాను, కొడుతుందేమోనని. రెండు చేతులా పట్టుకుని గేటు దాకా నడిచి వెళ్ళి, కోచ్ చేతికిచ్చి వచ్చింది.

అన్నయ్యని ఏమీ అనకు. ఇక అనీ ప్రయోజనం లేదు.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటగది
ఆదివారం

ఏమే,

అనకూడదనే అనుకున్నాను. భోజనానికి కూర్చున్నారు, వడ్డిస్తూ అడిగేశాను.

"ఆ కొక్కేలు మీ చెల్లెలి జట్టు పిల్లలు ఎప్పట్నుంచో దించమంటున్నారు కదా. అప్పుడెందుకు వెళ్ళలేదు?"

ఆయన తినడం ఆపి నావైపు చూశారు. "వాళ్ళు అడిగారా? నాకెవరూ చెప్పలేదే."

చెప్పాను అన్నాను. కాఫీ ఇస్తూ చెప్పాను, టీవీ చూస్తుంటే చెప్పాను, మీ మోకాలికి మందు రాస్తూ విజిల్ గారి షరతు మొత్తం మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. ఒక్కొక్కటే గుర్తు చేశాను. ఆయన ఒక్కొక్కదానికీ బుద్ధిగా ఆలోచించారే. నుదురు ముడేసుకుని, నిజంగా వెతుక్కున్నారు. కాఫీ గుర్తుంది. ఆ రోజు టీవీలో ఎవరు గెలిచారో గుర్తుంది. మందు మండిందని గుర్తుంది.

"లేదోయ్, చెప్పుంటే నాకు తెలీదా. ఒక పూట పని, చెల్లెలు అడిగితే చెయ్యనా" అన్నారు. కాస్త నొచ్చుకున్నారు కూడా.

అబద్ధమాడే మనిషి కాదు, నీకూ తెలుసు. అన్నిసార్లు చెప్పాను, ఒక్కసారీ ఆయన చెవిన పడలేదు. వద్దన్న మనిషి మీద కోపం తెచ్చుకోవచ్చు. అసలు వినపడని మనిషి మీద ఏం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

ఆయనే మళ్ళీ తేలిగ్గా అన్నారు, "అయినా ఇప్పుడేమైంది, నెట్ కిందికి వచ్చేసిందిగా. దాని పిల్లల్ని కూడా వెళ్ళి ఆడుకోమను."

ఏ గంటలో ఆడుకోవాలని నేను అడగలేదు. ఇంకొంచెం అన్నం పెట్టమన్నారు, పెట్టాను.

వదిన